సైడుకారుకు సరిహద్దు

చిలకలగూడనుండి ఉస్మానియా విశ్వవిద్యాలయమువైపు పోవువారికి వారాసిగూడ దారిలోనే తగులును. ఒకప్రక్క పార్శీగుట్ట, మరొకప్రక్క సీతాఫలమండి రైలుస్టేషను, ఆవల విశ్వవిద్యాలయపు విశాలమైన ఆవరణ, దానికావల తార్నాక. సందు లిరుకు. రైల్వేలోను, ఆర్.టి.సి.లోను, విశ్వవిద్యాలయములోను జీవితమంతయు కొలువుచేసి విశ్రాంతి గైకొన్నవారి కాపురము లీ పేటలో మెండు. అట్టి పెద్దమనుష్యు లొకరు మొన్న మాకడకు వచ్చి ఒక కాగితములకట్టను మా ముందుంచి, తమ పేరు వ్రాయవద్దనియు, సంగతి మాత్రము వ్రాయవలసినదనియు కోరిరి. కట్ట విప్పి చూచితిమి. మొదట నవ్వు వచ్చినది. చదువగా చదువగా ఆ నవ్వు నిలువలేదు.

వారివద్ద 1974వ సంవత్సరపు బుల్లెట్ మోటారుసైకిలు కలదు. వారి భార్యకు మోకాలిచిప్పల శస్త్రచికిత్స జరిగినది. వెనుకసీటుపై ఒకప్రక్కగా కూర్చుండుట ఆమెకు సాధ్యముకాదు. కారు కొనవచ్చును గదా యని పాఠకు లడుగవచ్చును. కారు నిలుపుటకు ఆ సందులో చోటులేదు. ఉన్నను, నడుపుట ఆయనకు రాదు. డెబ్బదియేండ్ల వయస్సున నేర్చుకొన నిచ్చయు లేదు. ఆటోలున్నవి, కాని వారమునకు రెండుసార్లు ఆసుపత్రికి, నెలకు నాలుగుసార్లు గుడికి, కూతురింటికి పోవలసినవారికి ఆటో బాడుగ పింఛనులో ఒక భాగమును మింగివేయును. ఇంగ్లండులోని బర్మింగుహాము పట్టణమున ఉద్యోగము చేయుచున్న మేనల్లుడు ఈ సంగతి విని, అచ్చట ఎవరి కొట్టములోనో పడియున్న పాత సైడుకారు నొకదానిని చూచి, బేరమాడి, ఛాయాచిత్రములు పంపెను. వెల మన రూపాయలలో అర్ధలక్షకు లోపు. మోటారుసైకిలు ప్రక్కన బిగించు ఒంటిచక్రపు పెట్టె అది. అందులో ఆమె కాళ్లు చాపుకొని కూర్చుండవచ్చును. ఇంతే ఆ దంపతుల కోరిక. కాగితములకట్టలో తక్కినదంతయు ఆ కోరికకు మన ప్రభుత్వశాఖలు, వానిని ఎరిగిన దళారులు చెప్పిన సమాధానములే.

విదేశమునుండి వచ్చు ప్రతి వస్తువునకును కస్టమ్సు పట్టికలో ఒక గడి కలదు. ప్రపంచ దేశములు చాలవరకు అంగీకరించిన పట్టిక యది. అందు 8711వ శీర్షిక క్రింద మోటారుసైకిళ్లును, మోపెడులును, సైడుకారుతో కూడినవియు లేనివియు, చివరకు ఒంటిగా సైడుకార్లును చేర్చబడినవి. మోటారుసైకిలు విడిభాగములకు వేరుగ 8714వ శీర్షిక కలదు. అనగా పట్టిక వ్రాసినవారు సైడుకారును విడిభాగముగ నెంచక మోటారుసైకిలు సరసన కూర్చుండబెట్టిరి. గౌరవమే. కాని ఈ గౌరవమువలన వచ్చిన చిక్కు చూడుడు.

వాడిన వాహనములను విదేశమునుండి తెచ్చుకొనుటకు మన ప్రభుత్వము కొన్ని షరతులు విధించినది. వాహనము తయారై 3 సంవత్సరములు మించరాదు. ఇంకను 5 సంవత్సరములు తిరుగగల సత్తువ దానికుండవలెను. వేగము చూపు గడియారము కిలోమీటర్లలో నుండవలెను. ముందుదీపపు వెలుగు ఎడమప్రక్కన నడుచు బండ్లకు తగినట్లు పడవలెను. ఓడ ఎక్కకముందే పరీక్ష జరిగినట్లు ధ్రువపత్రము కావలెను. దిగుట బొంబాయి రేవున మాత్రమే దిగవలెను. ఈ షరతులు కార్లను, మోటారుసైకిళ్లను మనసులో నుంచుకొని వ్రాయబడినవని చదివినవారికెల్ల తెలియును. పరదేశముల పాతయినుము మన రోడ్లపై పారబోయకుండుటకు అవి అవసరమే. వానిని మేము తప్పుపట్టము. కాని సైడుకారుకు యంత్రము లేదు. వేగము చూపు గడియారము లేదు. రోడ్డును వెలిగించు ముందుదీపము లేదు. కొన్నిటికి బ్రేకుకూడ లేదు. దాని వేగము ప్రక్కనున్న మోటారుసైకిలు వేగమే. లేని గడియారము కిలోమీటర్లలో నుండవలెనన్న షరతు నది ఎట్లు తీర్చును?

సరే, ఇది వాహనము కాదు, కేవలము వాడిన వస్తువు అందమా? అప్పుడు మరొక నిబంధన ఎదురగును. విదేశవాణిజ్య విధానము ప్రకారము, యంత్రసామగ్రి కాని వాడిన వస్తువులన్నియు ‘పరిమిత’ జాబితాలోనివి. అనగా విదేశవాణిజ్య డైరెక్టరు జనరలు వారి అనుమతిపత్రము లేనిదే తేరాదు. స్వంత వాడుకకు తెచ్చుకొనువానికి దిగుమతిదారు సంకేతసంఖ్య అక్కరలేదు గాని ఈ అనుమతినుండి మినహాయింపు లేదు. ఒక ముసలి గృహస్థు తన భార్యను కూర్చుండబెట్టుకొనుటకు ఒక పాత పెట్టె తెచ్చుకొనవలెనన్నచో, ఢిల్లీలో ఏదో సంఘము కూర్చుండి ఆ అవసరము ఉచితమా, అనుచితమా యని తేల్చవలెను. దళారి ఒకడు వారికి మూడవ త్రోవ చూపెనట. మేనల్లుడు స్వదేశమునకు తిరిగివచ్చునపుడు సామానుతో తెచ్చునట! 1962వ సంవత్సరపు కస్టమ్సు చట్టములో ‘బ్యాగేజి’ యనగా ఏమో చెప్పుచు, మోటారు వాహనములు అందులో చేరవని స్పష్టముగ వ్రాసియున్నారు. సైడుకారు మోటారు వాహనమా? మోటారు లేదు. అయినను మోటారుసైకిలు శీర్షికలో నున్నది. రేవులోని అధికారి ఏ గడిలో వేయునో ఆ గడియే దాని జాతకము. జాతకము కొరకు పౌరుడు ముందుగ డబ్బు చెల్లించి, ఓడ నెక్కించి, దిగినతరువాత గాని తెలిసికొనజాలడు. వాడిన వస్తువు వెల విషయమున మరియొక విచిత్రము కలదు. సుంకము వస్తువు వెలపై మాత్రమే గాక ఓడ కేవు, భీమా కూడ కలిపిన మొత్తముపై విధింపబడును. పాతవస్తువు వెల స్వల్పము, అది ఆక్రమించు చోటు అధికము. కావున ఈ దంపతులు చెల్లింపవలసిన సుంకములో హెచ్చుభాగము సైడుకారుపై గాక సముద్రముపై చెల్లింపవలసివచ్చును.

ఇదే కాలములో ధనవంతుల మోటారుసైకిళ్లపట్ల మన ప్రభుత్వ మెంత ఉదారముగ నున్నదో గమనింపదగును. 2025 ఫిబ్రవరి బడ్జెటులో, పూర్తిగ తయారై వచ్చు కొత్త మోటారుసైకిళ్లపై మూలసుంకమును 1600 సి.సి. వరకు 50 శాతమునుండి 40 శాతమునకును, అంతకు మించినవానిపై 50 శాతమునుండి 30 శాతమునకును తగ్గించిరి. యంత్రము పెద్దదైనకొలది సుంకము తక్కువ! అమెరికా దేశాధ్యక్షుడు ఏండ్లతరబడి హార్లీ డేవిడ్సన్ బండ్ల పేరు చెప్పి మనపై విసరిన మాటలకు ఇది ప్రత్యుత్తరమని పలువు రనుకొనిరి. అంత పెద్దబండ్లు కొనువారు మన దేశమున ఎందరుందురు? వారికొరకు పట్టికలో పంక్తులు మార్చ వీలైనది.

హైదరాబాదువారికి సరిహద్దు సుంకము కొత్త కాదు. నైజాము రాజ్యములో దీనిని కరోడ్‌గిరి యనెడివారు. 1802వ సంవత్సరపు వర్తకపు ఒడంబడికనుండి ఇంగ్లీషువారి సీమనుండి వచ్చు సరకుపై నూటికి 5 వంతున సుంకము పుచ్చుకొనెడివారు. బెజవాడలో రైలెక్కి సికింద్రాబాదులో దిగు ప్రయాణీకుడు ఒకే భాష మాటలాడు జనులమధ్య నడుచుచు ఒక రాజ్యమునుండి మరొక రాజ్యమునకు వచ్చెడివాడు. నాణెము కూడ మారెడిది. 6 ఇంగ్లీషు రూపాయలు 7 హాలీ సిక్కాలతో సమానము. పెండ్లికి పట్టుచీర తెచ్చుకొన్నను, కొడుకునకు సైకిలు కొని తెచ్చినను కరోడ్‌గిరి సిబ్బంది మూట విప్పించి వెలకట్టెడివారని మా పెద్దలు చెప్పగా వింటిమి. వెల ఎంత అను విషయమున ప్రయాణీకునకును సిబ్బందికిని ఏకాభిప్రాయ మెన్నడును కుదరలేదట. ఆ భేదాభిప్రాయము చేతిలో పడు నాణెముతో సమసిపోయెడిదట.

ఆ సరిహద్దు అసలైన అంతర్జాతీయ సరిహద్దువలె నిలిచిన కాలము కూడ ఒకటి కలదు. 1947 ఆగస్టు 15 తరువాత నైజాము భారతదేశమున చేరక విడిగ నిలిచెను. నవంబరు 29న యథాతథపు ఒడంబడిక జరిగినను, నెలలు గడచినకొలది రాకపోకలు, సరకులు స్తంభించినవి. భారతప్రభుత్వము రాజ్యమును దిగ్బంధించినదని నైజాము పక్షము వా రాక్రోశించిరి. మందులకును, పెట్రోలుకును, యంత్రభాగములకును కరవైనది. సామాన్యుడు తన బండికి చక్రపుగొట్టము తెచ్చుకొనలేని ఆ దినములలో, సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు మాత్రము కరాచీనుండి రాత్రివేళల విమానములలో ఆయుధములు తెచ్చి బీదరు, వరంగల్లు మైదానములలో దింపుచుండెను. 1948 సెప్టెంబరు 17తో ఆ కథ ముగిసినది. కాని అందొక గుణపాఠము కలదని మాకు తోచును: సరిహద్దును ఎంత గట్టిగ మూసినను, అది బీదవానికే మూసికొనును, పలుకుబడిగలవాని విమానము రాత్రియందు దిగుచునే యుండును.

పాఠకులు మా మాటను అతిశయోక్తి యనుకొనవచ్చును. ఇటీవలి సంగతులు చూడుడు. 2025 సెప్టెంబరులో కేరళమున కస్టమ్సువారు ‘ఆపరేషన్ నుమ్‌ఖోర్’ అను పేర సోదాలు జరిపి ముప్పదికిపైగా వాహనములను పట్టుకొనిరి. నుమ్‌ఖోర్ అనగా భూటాను భాషలో వాహనము. భూటానునుండి పాతబండ్లను భాగములుగ విప్పియో, ఇతర ఉపాయములతోనో సరిహద్దు దాటించి, నకిలీ కాగితములతో మన రాష్ట్రములలో నంబర్లు వేయించి, ధనికులకు అమ్మినారని వారి అభియోగము. అదే సంవత్సరమున మన హైదరాబాదు వాహనవర్తకు డొకడు విదేశపు ఖరీదైన కార్లకు తక్కువ వెల చూపి కోట్ల రూపాయల సుంకము ఎగవేసినాడన్న ఆరోపణపై నిర్బంధింపబడినాడు. విచారణలు జరుగవలసినవి, మేము తీర్పు చెప్పము. కాని వాహనములు వచ్చినమాట నిజము. నంబర్లు పడినమాట నిజము. చట్టప్రకారము అడిగినవాని ఒంటిచక్రపు పెట్టె బర్మింగుహాము కొట్టములోనే యున్నమాటయు నిజము.

సైడుకారు సరిహద్దు దాటివచ్చినదనుకొందము. అప్పుడైనను పని ముగియదు. రెండవ సరిహద్దు రవాణాశాఖవారి గుమ్మము. ఇచ్చట చట్టము రెండు నాలుకలతో మాటలాడుచున్నది. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 2వ సెక్షను 27వ క్లాజులో మోటారుసైకిలునకు నిర్వచనము చెప్పుచు, రెండుచక్రముల మోటారు వాహనము, దానికి తగిలించి విడదీయదగిన అదనపుచక్రపు సైడుకారుతో సహా అని వ్రాసిరి. చదివినవాడు సంతోషించును, సైడుకారు మోటారుసైకిలులోని అంగమే యని చట్టమే ఒప్పుకొన్నది గదా! కాని అదే చట్టము 52వ సెక్షనులో, తయారీదారు చెప్పిన వివరములకు భిన్నముగ ఏ యజమానియు వాహనమును మార్పరాదని శాసించిరి. మార్పు అనగా వాహనపు మూలలక్షణమును మార్చు నిర్మాణభేదమని వివరణ ఇచ్చిరి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కేరళమునుండి వచ్చిన వ్యాజ్యములో, ఈ నిషేధమును గట్టిగ అమలుపరచవలెనని తీర్పు చెప్పినది. తీర్పులో దోషము లేదు. లారీలను, కార్లను ఇష్టము వచ్చినట్లు కోసి అతికి రోడ్లపై విడుచువారు మన దేశమున తక్కువా? కాని విడదీయదగిన సైడుకారు ‘మార్పు’ అగునా, కాదా? రెండుచక్రములు మూడగును, ఇద్దరు కూర్చుండు బండి ముగ్గురి దగును. కావున మార్పే యని ఒక అధికారి యనును. సాయంకాలము నాలుగు బోల్టులు విప్పినచో బండి యథాపూర్వము నిలుచును. కావున మార్పు కాదని మరొకరందురు. మా మిత్రునకు ఇద్దరు అధికారులు ఈ రెండు సమాధానములను వేర్వేరు దినములలో చెప్పిరి. ఇద్దరును మర్యాదస్థులే. కాగితముపై వ్రాసి యిండని అడుగగా ఇద్దరును నవ్వి ఊరకుండిరట. వ్రాత లేనిదే భీమా సంఘము ఒప్పదు. భీమా లేనిదే ప్రమాదము జరిగిన దినమున ఇల్లు అమ్ముకొనవలసివచ్చును.

పాతబండ్ల కొరకు ప్రత్యేకముగ 2021లో చేసిన నియమములు ఆశ్రయింపవచ్చునేమో యని వా రాలోచించిరి. 50 సంవత్సరములు దాటిన బండికి 20,000 రూపాయలు చెల్లించి ప్రత్యేకపు నంబరు పొందవచ్చును. కాని బండి తన పూర్వరూపముననే యుండవలెను. పైగా దానిని ప్రదర్శనలకే గాని నిత్యవ్యవహారమునకు వాడరాదు. మ్యూజియములో పెట్టుకొనుటకు కాదు గదా వారు సైడుకారు కోరినది!

ఇంక వస్తువును గూర్చి నాలుగుమాటలు. విదేశమున పాత సైడుకారు కొనదలచువా రింకను కొందరు మన పాఠకులలో నుండవచ్చును. యువకులకు 1975లో వచ్చిన షోలే చిత్రమునందలి బి.యస్.ఎ. బండి కనులలో మెదలుచుండును. సైడుకారు ఏ ప్రక్కన నుండవలె నన్నది మొట్టమొదటి ప్రశ్న. మనము రోడ్డుకు ఎడమప్రక్కన నడుతుము. కావున అది బండికి ఎడమప్రక్కన, కాలిబాటవైపు ఉండవలెను. కుడిప్రక్కన నున్నచో, ఎక్కువారు దిగువారు నడిరోడ్డులో లారీల కెదురుగ దిగవలసివచ్చును. ఇంగ్లండు, జపాను, ఆస్ట్రేలియా దేశములలో మనవలెనే ఎడమనడక గనుక అచ్చటివి మనకు పొందును. అమెరికాలోను, జర్మనీలోను, రష్యాలోను కుడినడక. అచ్చటి సైడుకార్లు సామాన్యముగ కుడిప్రక్కవి. అమెరికాలోని మన తెలుగుబిడ్డలు ప్రేమతో కొని పంపదలచిన సైడుకారు తల్లిదండ్రులకు ఉపయోగపడదు. దానిని త్రిప్పి రెండవప్రక్కన బిగింతమన్నను వీలుపడదు. తలుపు, బంధములు, చక్రము నిలుచు చోటు అన్నియు ఒకప్రక్కకే కుదిర్చి చేసినవి. సైడుకార్లకు లోకప్రసిద్ధమైన రష్యాదేశపు ఉరాల్ బండి యుద్ధము కారణముగ 2022లో తన కూర్పుశాలను సరిహద్దు దాటించి కజకిస్తానులోని పెట్రోపావ్ల్‌కు మార్చుకొనినది. బండ్లు చేయువారికే సరిహద్దులు ఇట్లు మారుచున్నవి.

రెండవది, బంధములు. సైడుకారు సామాన్యముగ నాలుగుచోట్ల మోటారుసైకిలు చట్రమును పట్టుకొనును. ఈ పట్టుకొమ్మలు ఒక్కొక్క బండికి ఒక్కొక్క తీరున నుండును. పాత సైడుకారు అమ్మువాడు పెట్టెను, చక్రమును అమ్మును. పట్టుకొమ్మలు తన పాతబండికే వదలివేయును. అవి లేని సైడుకారు తాళముచెవి లేని ఇనుపపెట్టెవంటిది. గొట్టపుచట్రము లోపల తుప్పుపట్టినదో లేదో, అతుకులవద్ద వెంట్రుకవాసి పగుళ్లున్నవో లేవో, చక్రపు బేరింగులు కదలుచున్నవో లేవో ఛాయాచిత్రములలో కనబడవు. సముద్రమున కావలినుండి కొనువాడు కన్నులు లేకుండ ఎద్దును కొనువాడే. సంతలో ఎద్దు కొనబోయిన రైతు పండ్లు చూడనిదే, నాలుగడుగులు నడిపింపనిదే రూపాయి బయటకు తీయడు. ఈ వివేకము బ్యాంకుద్వారా డబ్బు పంపు చదువుకొన్నవారిలో తరచుగ కానరాదు.

బిగించుట కూడ ఒక విద్య. సైడుకారు చక్రము మోటారుసైకిలు చక్రమునకు సరిగ సమాంతరముగ నుండరాదు; ముందువైపు కొద్దిగ లోనికి తిరిగియుండవలెను. మోటారుసైకిలు సైడుకారునుండి కొద్దిగ వెలుపలికి వాలియుండవలెను. ఈ రెండును తప్పినచో బండి నడుపువాని భుజములు ఊడివచ్చునంతగ ఒకప్రక్కకు లాగును. సరిగ బిగించినను, వేగము పెంచునపుడు ఎడమకును, బ్రేకు వేయునపుడు కుడికిని లాగుట దాని స్వభావము. ఎడమమలుపు త్వరగ తిరిగినచో ఖాళీ సైడుకారు గాలిలోనికి లేచును. అందుచేతనే కొత్తగ నేర్చువారు అందులో ఇసుకబస్తా వేసికొని తిరుగుదురు. ఏబదియేండ్లు బుల్లెట్ నడిపిన అనుభవ మిచ్చట శత్రువు. మలుపులో బండిని వాల్చుట అలవాటైన శరీరము, వాలని బండిని నడుపుట తిరిగి నేర్వవలెను. ఈ సంగతి మేము మా మిత్రునకు చెప్పగా వారు కొంచెము చిన్నబుచ్చుకొనిరి.

ఇక్కడ మమ్ము కొందరు నిలదీయవచ్చును. స్వదేశీ మాట యెన్నడును విడువని మీరు, ఇంగ్లండులో పారవేసిన పెట్టె కొరకు ఇంత వాదింపనేల? మనవారే చేసికొనలేరా? నిజమే. అడుగవలసిన ప్రశ్నయే. సైడుకారు చేయుటకు అణుశాస్త్రము అక్కరలేదు. ఉక్కుగొట్టములు, రేకు, ఒక చక్రము, ఒక స్ప్రింగు, నిదానమైన అతుకుపని. వారాసిగూడకు సమీపముననే లాలాగూడ రైల్వే కర్మాగారము కలదు. రైలుపెట్టెలను బాగుచేయు చేతులు ఆ వాడలలో తరతరములుగ నున్నవి. రాణిగంజి అంగళ్లలో దొరకని ఇనుపసామాను లేదు. ఒకప్పుడు మన నగరములలో స్కూటర్లకు సైడుకార్లు తగిలించుకొని భార్యాబిడ్డలతో పోవు గుమాస్తాలను చూడనివారు లేరు. ఆ పెట్టెలు మన దేశపు వీథులలో చేసినవే. మద్రాసులో పుట్టిన బుల్లెట్ బండ్లను కొన్నియేండ్లపాటు ఇంగ్లండున దిగుమతి చేసి అమ్మినది వాట్సోనియన్ అను సైడుకార్ల సంస్థయే. మన బండి సముద్రము దాటిపోయి వారి సైడుకారుతో జతకూడినది. వారి సైడుకారు సముద్రము దాటివచ్చి మన బండితో జతకూడుటకే అడ్డంకులు.

కాని స్వదేశీ త్రోవయు తెరచియున్నదా? లేదు. మన వీథిలోని శిల్పి చేసిన సైడుకారుకును అదే 52వ సెక్షను అడ్డువచ్చును. ప్రభుత్వము ఆమోదించిన నమూనాగ దానిని పరీక్షింపించుకొనుటకు అతుకుపనివానికి శక్తి చాలదు. పెద్ద సంస్థలకు ఈ చిన్న వ్యాపారముపై దృష్టిలేదు. విదేశపుది రానీయక, స్వదేశపుది పుట్టనీయక నిలుచు నియమమును స్వదేశీరక్షణ యనుట చెల్లదు. అది కేవలము అడ్డుకట్ట. సుంకము వెనుక ఒక పరిశ్రమ పెరుగుచున్నపుడు ప్రజలు హెచ్చువెల నోర్చుకొందురు. వారి బిడ్డలకు పని దొరకునన్న ఆశతో నోర్చుకొందురు. సైడుకార్ల విషయమున ఏ పరిశ్రమను కాపాడుచున్నారో చెప్పగలవారు మాకు కనబడలేదు.

మేము ప్రభుత్వమును కోరున దల్పము. పాత వాహనముల షరతులలో, యంత్రము లేని ఒంటి సైడుకారుకు అవి వర్తింపవని, స్వంత వాడుకకు ఒక్కటి తెచ్చుకొనువానికి అనుమతిపత్ర మక్కరలేదని ఒక్క పంక్తి చేర్చవలెను. చేర్చ నిష్టములేనిచో, నిషిద్ధమని అయినను వ్రాయవలెను. పౌరుడు ఆశ వదలుకొని వేరుత్రోవ చూచుకొనును. రవాణాశాఖవారు, నిర్వచనములో చట్టమే చెప్పిన ‘విడదీయదగిన సైడుకారు’ను ఏ పరీక్ష జరిపి, ఎంత రుసుము పుచ్చుకొని, రిజిస్ట్రేషను పుస్తకములో ఎట్లు నమోదు చేయుదురో తెలుపు ఉత్తరువు ఒకటి వెలువరింపవలెను. వికలాంగుల కొరకు మార్చిన వాహనములకు చట్టములో తావు కల్పించినవారే గదా. నడువలేని వృద్ధురాలు బండి నడుపునది కాక అందు కూర్చుండునది యైనంతమాత్రమున ఆమెకు తావు లేకుండ చేయనేల? పరీక్ష కఠినముగ నుండుగాక. అతుకులు బలహీనమైన సైడుకారు ప్రాణాంతకమని మేము నెరుగుదుము. పరీక్షకు నిలుచుటకు మా మిత్రుడు సిద్ధముగ నున్నారు. ఎచ్చట నిలువవలెనో చెప్పువారే కరవు.

ముషీరాబాదు బస్‌భవన ప్రాంగణమున 1932వ సంవత్సరపు ఆల్బియన్ బస్సు నొకదానిని భద్రపరచి యుంచినారు. నిజాము రైల్వేవారు 27 బస్సులతో ఆరంభించిన ప్రజారవాణాకు గుర్తు అది. అదియు ఇంగ్లీషువారి ద్వీపమునుండి ఓడపై వచ్చి, సరిహద్దులు దాటి హైదరాబాదు చేరినదే. వారాసిగూడనుండి అది ఎంతో దూరము లేదు. మా మిత్రుడు ఆ దారిన పోవునపుడెల్ల దానివైపు చూచుచుందురట.

ఆయన కడపటిసారి మాకడకు వచ్చినపుడు కాగితములకట్ట తెచ్చుకొనలేదు. మేనల్లునికి బేరము వదలుకొమ్మని వ్రాసితిననియు, కొట్టము యజమాని ఇచ్చిన బయానా తిరిగి యీయలేదనియు చెప్పిరి. లాలాగూడలో తమతో పనిచేసిన ఒక పాత మేస్త్రీ గొట్టములు కొని చట్రము వంచుచున్నాడట. సీటు, గొడుగు, కాళ్లు చాపుటకు పలక అన్నియు ఆమె స్వయముగ కొలతలిచ్చి చెప్పుచున్నదట. మరి రిజిస్ట్రేషను సంగతి ఏమని మేమడిగితిమి. ముందు చక్రము తిరుగనీయుడు, తరువాత ఆ మాట అడుగుదమని చెప్పి, టోపీ పెట్టుకొని లేచిరి.